ఏళ్ల తరబడి వాడాక రెమింగ్టన్ 870: విప్పడం, తుడవడం, మళ్లీ బిగించడం

రెమింగ్టన్ 870 పంప్ షాట్‌గన్ ఎంత గట్టిదో అందరూ రాశారు. 1950లో వచ్చిన మోడల్, కోటికి పైగా తయారైంది, దాని గట్టితనం గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. క్లే టార్గెట్ల (గాల్లోకి విసిరే మట్టి బిళ్లల) మీద ఏళ్లుగా వాడుతున్న నాకు ఇందులో బాగా నచ్చింది వేరే. దీన్ని విప్పడానికి పెద్దగా పనిముట్లు అక్కర్లేదు. శుభ్రం చేయడం సులువుగా ఉంటేనే చేస్తాం, లేకపోతే వచ్చే వారం చూద్దాంలే అని పక్కన పెట్టేస్తాం.

విప్పే ముందు తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. గొట్టాన్ని మనుషుల వైపు కాకుండా తిప్పి, సేఫ్టీ పెట్టి, ట్రిగ్గర్ గార్డు ముందున్న చిన్న మీట నొక్కి పంపును (గొట్టం కింద ముందుకూ వెనక్కీ జరిగే పిడిని) వెనక్కి లాగండి. కంటితో చూసి ఊరుకోవద్దు. చాంబర్‌లో (పేలే ముందు తూటా కూర్చునే చోట) వేలు పెట్టి తడమండి, ఆ తర్వాత కింది నుంచి మ్యాగజైన్ ట్యూబులోకీ (మిగతా తూటాలు నిలవ ఉండే గొట్టంలోకీ) వేలు పోనివ్వండి. స్ప్రింగు మీదుండే ఫాలోయర్ తగిలితే ట్యూబు ఖాళీ. తూటా ఇత్తడి అడుగు తగిలితే ఇంకా పని ఉందన్నమాట.

పంపును సగం వెనక్కి ఉంచి, ట్యూబు చివరి మూత తిప్పి తీసేస్తే బ్యారెల్, అంటే తుపాకీ గొట్టం, ముందుకు జారి చేతిలోకి వచ్చేస్తుంది. మామూలు రోజుల్లో నేను ఇక్కడే ఆగుతాను. ప్రతిసారీ మొత్తం విప్పనక్కర్లేదు. ట్యూబుకు ఎక్స్‌టెన్షన్ తగిలించుకున్నవాళ్లు మాత్రం అది తీసేటప్పుడు జాగ్రత్త, లోపలి స్ప్రింగు ఎగిరొచ్చి ముఖానికి తగలొచ్చు.

12 గేజ్ గొట్టం లోపలి వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే లోపలున్నదంతా కనిపిస్తుంది. మసి తేలిగ్గానే పోతుంది, మొండిది ప్లాస్టిక్. తూటాలోని వాడ్ (గుళ్లను పట్టి ఉంచే ప్లాస్టిక్ కప్పు) గొట్టాన్ని రాసుకుంటూ పోయి, చాంబర్ దాటి గొట్టం సన్నబడే చోటా చోక్ (గొట్టం మూతి దగ్గర ఇరుకు చేసే భాగం) దగ్గరా బూడిదరంగు చారలు వదిలేస్తుంది. సాల్వెంట్ రాసి పది నిమిషాలు నానబెట్టి, చాంబర్ వైపు నుంచి ఫాస్ఫర్ బ్రాంజ్ బ్రష్ తోస్తే ఆ చారలు పొట్టులా రాలతాయి. కిటికీలు తెరిచి పెట్టుకోండి. మసిలో సీసం ఉంటుంది కాబట్టి పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఏమీ తినొద్దు.

చవకలో దొరికింది కదా అని మొదట్లో మూడు ముక్కల అల్యూమినియం రాడ్డున్న కిట్ కొన్నాను. నాలుగుసార్లు గట్టిగా తోసేసరికి మరలు అరిగి, బ్రష్ గొట్టం మధ్యలో ఊడిపోయింది. ఇప్పుడు ఒకే ముక్క రాడ్డు వాడుతున్నాను, ఆ గొడవే లేదు.

వానలో తడిసినప్పుడో, పంపు ఇసుక పట్టినట్టు గరగరలాడినప్పుడో పూర్తిగా విప్పుతాను. పంపును ముందుకు పెట్టి, రెండు పిన్నులను సన్నటి పంచ్‌తో తోసి, వెనక వైపు పైకెత్తితే ట్రిగ్గర్ గ్రూపు (ట్రిగ్గర్, తూటాను పేల్చే హ్యామర్ ఉండే భాగం) మొత్తంగా బయటికొస్తుంది. అది చేతిలో ఉండగా సరదాకి కూడా ట్రిగ్గర్ నొక్కొద్దు. హ్యామర్ వచ్చి వేలి మీద పడుతుంది.

తర్వాత పంపును ముందుకు లాగితే బోల్టుతో (చాంబర్‌ను వెనక నుంచి మూసే భాగంతో) సహా రావాలి, కానీ రాదు. చాలామందికి టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే, బలం చూపించేదీ ఇక్కడే. బలంతో పని లేదు. రిసీవర్ (ఈ భాగాలన్నీ కూర్చునే మధ్య పెట్టె) కింది నుంచి వేలు పెట్టి ఎడమ వైపు షెల్ లాచ్‌ను (తూటాలను ఆపే పట్టీని) నొక్కితే మెత్తగా జారుతుంది. తిరిగి ఎక్కించేటప్పుడు ముందు కుడి లాచ్, ఆ తర్వాత ఎడమది నొక్కాలి. ఈ వరస చేతికి అలవాటైతే మిగతాదంతా ఆడుతూ పాడుతూ అయిపోతుంది. ఇలాంటిదే మరో పంప్ షాట్‌గన్ మాస్‌బర్గ్ 500లో ట్రిగ్గర్ గ్రూపుకు ఒక్కటే పిన్ను, విప్పడం ఇంకా తేలికే. కానీ ఆ గ్రూపు తీయగానే లోపలి చిన్న పట్టీలు విడిగా ఊడి వచ్చేస్తాయి. ఆ విషయంలో నా ఓటు 870కే.

ట్రిగ్గర్ గ్రూపును ఇంకా ముక్కలు చేయను, ఆ పని గన్‌స్మిత్‌ది. బ్రష్‌తో దులిపి, కీళ్ల దగ్గర ఒక్కో చుక్క నూనె వేస్తే చాలు. నూనె ఎక్కువైతే కాలని మందుపొడి అంతా అక్కడే పేరుకుంటుంది, చలిలో చిక్కబడి హ్యామర్‌ను నెమ్మదింపజేస్తుంది. స్క్రూ చోక్ ఉంటే దాని మరలకు గ్రీజు తప్పనిసరి, లేదంటే కొన్నాళ్లకు తీద్దామన్నా రాదు.

బ్యారెల్ తగిలించే ముందు లోపల గుడ్డముక్క మిగిలిందేమో వెలుతురుకు చూడండి. అడ్డున్న గొట్టంతో పేలిస్తే గొట్టమే చీలిపోవచ్చు. బిగించాక ఖాళీ తుపాకీతోనే పంపు ఆడించి, సేఫ్టీ పనిచేస్తోందో లేదో చూసుకుని, డమ్మీ తూటాలు నాలుగు ఎక్కించి దించుతాను. చెక్క స్టాక్ అయితే మొదటి రాత్రి గొట్టం మూతి కిందికి ఉండేలా నిలబెట్టండి, మిగులు నూనె చెక్కలోకి ఇంకదు.