మార్గళి సీజన్‌కి చెన్నై వెళ్తున్నారా? చిన్న హాళ్ళతో మొదలుపెట్టండి

మార్గళి అంటే మన ధనుర్మాసమే. ఆ వేళ జరిగే డిసెంబర్ కచేరీలకి చెన్నై వెళ్దామనుకునే మనవాళ్ళు ముందుగా అడిగేది మ్యూజిక్ అకాడమీ టికెట్లు ఎలా దొరుకుతాయని. అకాడమీ గొప్పదే, కాదనను. కానీ కర్ణాటక కచేరీ అసలు ఎదురుగా కూర్చున్న కొద్దిమందికి వినిపించడానికి పుట్టిన సంగీతం. పెద్ద హాల్లో వెనక వరసల్లో కూర్చుంటే స్పీకర్లలోంచి మృదంగం మోతే ముందు వస్తుంది, వయొలిన్ మీద సన్నటి గమకాలు, అంటే స్వరాన్ని ఊపుతూ పలికించే మెలికలు, ఎక్కడో కలిసిపోతాయి. అందుకే నా ఓటు చిన్న హాళ్ళకి.

మైలాపూర్ లజ్ దగ్గర నాగేశ్వరరావు పార్కు ఉంది, అమృతాంజనం, ఆంధ్రపత్రిక పెట్టిన మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు మీద. దాని దగ్గర్లోనే రాగసుధ హాల్. ఓ సాయంత్రం అక్కడ కాంభోజి రాగంలో త్యాగరాజు కృతి ‘ఓ రంగశాయి’ విన్నాను. ‘భూలోక వైకుంఠమిదియని’ దగ్గర నెరవల్ ఎత్తుకున్నారు, అంటే ఆ ఒక్క పాదాన్నే రకరకాలుగా మార్చి మార్చి పాడటం. ఇది తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా దక్కే సుఖం: శ్రీరంగంలో తనలో తానే ఉప్పొంగిపోతూ పడుకున్న స్వామిని, పిలిస్తే ‘ఓ’ అని రారాదా అని త్యాగరాజు నిలదీస్తున్నాడని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు, కాబట్టి ఆ ఒక్క పాదాన్ని గాయని ఒకసారి మురిపెంగా, ఒకసారి నిష్ఠూరంగా, తర్వాత గొంతు దాదాపు వినబడనంత తగ్గించి పాడుతుంటే ప్రతి మార్పూ తెలుస్తూనే ఉంటుంది. అంత తగ్గించి పాడే ధైర్యం చిన్న హాల్లోనే వస్తుంది. తర్వాత తని ఆవర్తనంలో, అంటే తాళవాద్యాలు మాత్రమే వాయించే వంతులో, మృదంగం ఆయన, ఘటం ఆయన ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ వాయించుకోవడం కూడా దగ్గరగా కనపడింది. పెద్ద సభల్లో (కచేరీలు పెట్టే సంస్థల్ని అక్కడ సభలంటారు) తని మొదలవగానే సగం జనం లేచి క్యాంటీన్‌కి పోతారు. అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

టీ నగర్‌లో వాణీమహల్ కూడా చూడండి. ఆ సభ పెట్టింది మన చిత్తూరు నాగయ్యగారే. అక్కడ పెద్ద హాలుతో పాటు ఓబుల్ రెడ్డి హాల్ అని చిన్నది ఉంది, మధ్యాహ్నం పూట కుర్రకారు పాడతారు. చాలా సభల్లో ఆ మధ్యాహ్నం కచేరీలకి టికెట్ ఉండదు. తిని వచ్చి కునుకు తీసేవాళ్ళు ఉన్న మాట నిజమే గానీ, పెద్ద పేర్లు వదిలేసిన అరుదైన కృతులు వినాలంటే ఆ వేళే సరైంది.

1928లో మొదలైన మ్యూజిక్ అకాడమీకి తప్పకుండా ఒక ఉదయం కేటాయించండి, ఎనిమిదింటికి జరిగే, పాడి చూపిస్తూ వివరించే లెక్చర్ డెమాన్‌స్ట్రేషన్ల కోసం. సాయంత్రం కచేరీల మంచి సీట్లు చాలావరకు సభ్యుల సీజన్ టికెట్లకే పోతాయి. దాని గురించి టెన్షన్ పడి టూర్ అంతా పాడుచేసుకోవద్దు.

ఇక బస. కాస్త తక్కువకి వస్తుందని చాలామంది సెంట్రల్, ఎగ్మోర్ చుట్టూ లాడ్జీలు తీసుకుంటారు. నేను మాత్రం మైలాపూరే అంటాను. కపాలీశ్వరాలయం మాడ వీధుల దగ్గర ఉంటే ధనుర్మాసం తెల్లవారుజామున భజన బృందాలు పాడుకుంటూ వెళ్తాయి, లేచి బయటికొస్తే చాలు. నేను దిగిన లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది గానీ, వేడినీళ్ళు పొద్దున ఓ గంటే, అదీ అడిగితేనే. పైగా కచేరీ అయ్యి వచ్చేసరికి గేటుకి తాళం. బుక్ చేసేముందు ఆ రెండూ ఫోన్ చేసి కనుక్కోండి, ముఖ్యంగా పెద్దవాళ్ళతో వెళ్తుంటే.

విజయవాడ వైపు నుంచి వచ్చేవాళ్ళకి పినాకిని పగటి బండి బాగుంటుంది. సెంట్రల్‌లో దిగి రోడ్డు దాటితే పార్క్ టౌన్ స్టేషన్, అక్కడ వేలచేరి లోకల్ ఎక్కి మైలాపూర్‌లోని తిరుమయిలై స్టేషన్లో దిగిపోవచ్చు. ఆటోతో బేరమాడే పని లేదు. లజ్ దగ్గర మెట్రో పనుల వల్ల వన్‌వేలు మారుతుంటాయి, క్యాబ్ మీద ఆధారపడితే కచేరీ మొదట్లో పాడే వర్ణం పోయినట్టే. దగ్గర హాళ్ళ మధ్య నడవడమే మేలు.

భోజనానికి సభా క్యాంటీన్లు చాలు. సంగీతం వినకుండా వాటికోసమే వచ్చేవాళ్ళూ ఉంటారు. అడై అవియల్, ఫిల్టర్ కాఫీ ఎక్కడైనా బాగున్నాయి. అరిటాకు భోజనానికి మాత్రం పన్నెండు లోపే వెళ్ళండి, ఆ తర్వాత క్యూ చాలా పెద్దదవుతుంది, రెండింటి కచేరీ అందదు.

అకాడమీ సీజన్ సాధారణంగా డిసెంబర్ మధ్య నుంచి జనవరి 1 దాకా నడుస్తుంది. నాలుగు రోజులే వీలైతే క్రిస్మస్ సెలవులు వదిలేసి సీజన్ మొదటి వారంలో వెళ్ళండి. గదులు దొరుకుతాయి, చిన్న హాళ్ళలో ముందు వరసలూ దొరుకుతాయి.