పుజ్జీ గారి కోసం గ్రేవ్‌సెండ్ దాకా

మహీందర్ సింగ్ పుజ్జీ గారి రెండో ప్రపంచ యుద్ధం రోజుల గురించి ఎక్కడ వెతికినా దొరుకుతుంది. 1918లో సిమ్లాలో పుట్టారు. 1940లో మన దేశం నుంచి బ్రిటన్ వైమానిక దళం రాయల్ ఎయిర్ ఫోర్స్‌కి వెళ్లిన 24 మంది పైలట్లలో ఒకరు. తలపాగా తీయకుండానే హరికేన్ యుద్ధ విమానం నడిపారు, కాక్‌పిట్‌లో ఇంకో తలపాగా కూడా పెట్టుకునేవారట. బర్మాలో వానాకాలపు మబ్బుల్లో ఎగిరి శత్రువు కదలికలు కనిపెట్టి వచ్చినందుకు 1945లో డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ అనే సాహస పతకం ఇచ్చారు. నాకు కావాల్సింది మాత్రం ఆ తర్వాతి అరవై ఐదేళ్లు.

చేతిలో ఉన్నవి మూడు రోజులే. మొదటి రోజు లండన్‌లో క్యూ గార్డెన్స్ దగ్గరున్న నేషనల్ ఆర్కైవ్స్‌కి, అంటే బ్రిటన్ ప్రభుత్వ పాత రికార్డులు దాచే చోటికి ఇచ్చాను. అసలు పత్రాలు చూడాలంటే కావాల్సిన రీడర్ టికెట్ ఉచితమే గానీ పాస్‌పోర్ట్ ఒక్కటే చాలదు, ఇంటి అడ్రస్ రుజువు కూడా కావాలి, ఆది, సోమవారాలు మూసి ఉంటుంది. తీరా చూస్తే నాకు కావాల్సిన స్క్వాడ్రన్ (విమాన దళం) రికార్డు పుస్తకాలన్నీ స్కాన్ అయిపోయి ఉన్నాయి, వాటికి టికెట్టే అక్కర్లేదు, అక్కడి కంప్యూటర్లో ఫ్రీగా చూసుకోవచ్చు, ఇంటి నుంచి కూడా తెరవచ్చు. 258 స్క్వాడ్రన్ 1941 పేజీల్లో టైపు చేసిన గళ్లు: విమానం నంబరు, పైలట్ పేరు, ఎగిరిన టైము, దిగిన టైము. ఆ వరసలో ఆయన పేరు కనిపించగానే గుండె ఝల్లుమంది. కానీ ఆ గళ్లల్లో మనిషి పైకి లేచిన సమయం, కిందికి దిగిన సమయం ఉంటాయి, అంతే. యుద్ధం తర్వాతి ఆయన జీవితం కోసం వెళ్లేవాళ్లు ఈ రోజు మిగుల్చుకోండి.

ఇంకో మాట, ఆయన్ని చాలామంది బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్ పైలట్ అని రాస్తున్నారు. బ్రిటన్ ఆకాశంలో జర్మన్ విమానాలతో జరిగిన ఆ పోరు 1940 అక్టోబరుతో ముగిసింది, ఆయన స్క్వాడ్రన్‌లో చేరింది 1941లో. డోవర్ తెల్ల కొండల దగ్గర విమానం కూలినప్పుడు తలపాగా మడతలే తలని కాపాడాయంటే, ఆయన గొప్పతనానికి లేనిది కలపాల్సిన పనేముంది?

మిగతా రెండు రోజులు కెంట్‌లోని గ్రేవ్‌సెండ్. సెయింట్ పాంక్రస్ నుంచి హైస్పీడ్ రైలు ఎక్కితే అరగంటలోపే, మామూలు రైలు గంట దాకా పడుతుంది గానీ టికెట్ తక్కువ. నేను దిగిన గెస్ట్ హౌస్ గురించి మంచి చెప్పలేను. హీటర్ రాత్రంతా పనిచేయలేదు, చెబితే పొద్దున్నే చూస్తామన్నారు, చూడలేదు. స్టేషన్‌కి దగ్గరని తీసుకోకండి, ముందు రివ్యూలు చదవండి.

ఊరు మాత్రం నచ్చింది. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ విమానాశ్రయంలో అధికారిగా చేసి, 1974లో ఇంగ్లండ్ వచ్చి హీత్రూలో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌గా పనిచేసిన ఆయన, 1998 నుంచి ఇక్కడే ఉన్నారు. 2009లో ఒక జాతివాద పార్టీ తన ప్రచారానికి ఆ యుద్ధంలో పేరుపడ్డ స్పిట్‌ఫైర్ విమానం బొమ్మ వాడుకుంటే, తొంభై దాటిన వయసులో బయటికొచ్చి తప్పని చెప్పారు. 2010 సెప్టెంబరు 18న, 92వ ఏట, కన్నుమూశారు.

గురు నానక్ దర్బార్ గురుద్వారా తెరిచింది ఆయన పోయిన రెండు నెలలకి. లంగర్‌లో వేడి పప్పూ రొట్టే తిన్నాను, డబ్బు అడగరు. పక్కన కూర్చున్న పెద్దాయన నా పని విని గేటు దాకా వచ్చి మరీ పుజ్జీ గారి విగ్రహానికి దారి చూపించారు.

అది సెయింట్ ఆండ్రూస్ గార్డెన్స్‌లో, థేమ్స్ ఒడ్డున ఉంది, 2014 నవంబరులో ఆవిష్కరించారు. కంచులో కూడా తలపాగా మడతలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. ఆయన ఒక్కరి కోసమే పెట్టింది కాదు, వేర్వేరు దేశాల నుంచి వచ్చి బ్రిటన్ పక్కన పోరాడిన అందరి కోసం అని రాసి ఉంది. పాదాల దగ్గర ఎవరో పెట్టిన ఎర్ర కాగితం పువ్వు వానకి తడిసి రంగు వెలిసిపోయింది. మర్నాడు రైలెక్కే ముందు ఇంకోసారి వెళ్లాను, దాని పక్కన కొత్త పువ్వు ఉంది.