గడ్డి నుంచి చక్కెర తీయాలంటే: ఆమ్లమా, క్షారమా, ఆవిరా?

వరిగడ్డి, మొక్కజొన్న చొప్ప, చెరకు పిప్పి, ఏది చూసినా ఎండు బరువులో ఇంచుమించు మూడో వంతు, ఒక్కోసారి అంతకు మించి సెల్యులోజే. సెల్యులోజ్ అంటే గ్లూకోజ్ గొలుసే. అయినా ఆ గొలుసును తెంచే ఎంజైములు నేరుగా కలిపితే చక్కెర పెద్దగా రాదు. ఆ గొలుసులు బిగుతుగా పెనవేసుకుని ఉంటాయి, పైన హెమిసెల్యులోజ్ అనే మరో రకం చక్కెర గొలుసులు, లిగ్నిన్ అనే గట్టి జిగురులాంటి పదార్థం కప్పేసి ఉంటాయి. ముందు ఆ అల్లిక విప్పాలి.

చాలామంది మొదట ఆమ్లం వైపే చూస్తారు. ఒక శాతం అటూ ఇటూ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో 140–190 డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాలు ఉడికిస్తే హెమిసెల్యులోజ్ కరిగి జైలోజ్ అనే చక్కెర అవుతుంది. ఎంజైమ్ వేయకముందే చక్కెర కనిపిస్తే ఎవరికైనా ఉత్సాహమే. అయితే వేడి కాస్త మించితే అదే జైలోజ్ ఫర్‌ఫ్యూరాల్ అనే హానికర రసాయనంగా మారిపోతుంది. దానికి ఎసిటిక్ ఆమ్లం తోడై, తర్వాత చక్కెరను పులియబెట్టాల్సిన ఈస్ట్‌ను దెబ్బతీస్తుంది. పైగా మామూలు ఈస్ట్ జైలోజ్‌ను తినలేదు. లిగ్నిన్ చాలావరకు పీచులోనే మిగిలి, ఎంజైములను తనకు అతికించుకుని వృథా చేస్తుంది. అందుకే మొదట వచ్చే చక్కెర లెక్క చూసి పద్ధతిని ఎంచుకోవద్దని గట్టిగా చెబుతాను.

క్షారం పని వేరు. కాస్టిక్ సోడా గానీ సున్నం గానీ లిగ్నిన్‌ను పట్టి ఉంచే ఎస్టర్ బంధాలను తెంచుతుంది. పీచు ఉబ్బుతుంది, లిగ్నిన్ కరిగి బయటికొస్తుంది. గడ్డిజాతి మొక్కల్లో ఈ బంధాలు ఎక్కువ కాబట్టి వాటికి ఇది బాగా నప్పుతుంది. 100 డిగ్రీల లోపే పని అవుతుంది, కాకపోతే గంటలు, సున్నంతో అయితే రోజులు కూడా పడుతుంది. గడ్డికి నా ఓటు దీనికే. అసలు చిక్కు సోడాను తిరిగి రాబట్టడంలో ఉంది. వరిగడ్డిలో సిలికా ఎక్కువ. అది క్షారంలో కరిగి, ఆ నల్లటి ద్రావణాన్ని మరిగించి చిక్కబరిచేటప్పుడు పరికరాలకు పొరలా పట్టేస్తుంది. గడ్డితో కాగితం చేసేవాళ్లకు ఇది పాత తలనొప్పే.

సోడాను తిరిగి రాబట్టే ఏర్పాటు లేని చోట ఆవిరే నయం. 200 డిగ్రీల చుట్టూ కొద్ది నిమిషాలు ఉంచి పీడనాన్ని ఒక్కసారిగా వదిలేస్తే పీచు చీలిపోతుంది. బయటి రసాయనం అక్కర్లేదు, గడ్డిలోంచే పుట్టే ఎసిటిక్ ఆమ్లం పని కానిస్తుంది. అందుకే ఫర్‌ఫ్యూరాల్ బెడద ఇక్కడా ఉంది. సమయం మీద కన్నేసి ఉంచాలి.

ఈ మూడూ కాక, లిగ్నిన్‌ను తినే తెల్లకుళ్లు బూజుతోనూ అల్లిక విప్పించవచ్చు, కానీ దానికి వారాలు పడుతుంది, ఈలోగా కొంత చక్కెరను అదే తినేస్తుంది.