అన్వేషణా, గనిలో ఉద్యోగమా: జియాలజిస్టుకు ఏది మేలు?

ముప్పై నలభై ఏళ్లు ఈ వృత్తిలోనే ఉండాలనుకునేవాళ్లు మొదటి అయిదారేళ్లు నడుస్తున్న గనిలో పనిచేయాలి. కొత్త ఖనిజ నిక్షేపాలను వెతికే అన్వేషణకు ఆ తర్వాతే వెళ్లాలి. ఇది నా గట్టి అభిప్రాయం.

అన్వేషణకున్న ఆకర్షణ నాకూ తెలుసు. డ్రిల్లింగ్‌లో కడ్డీలా తీసిన రాతి నమూనా, అంటే కోర్ ఉన్న పెట్టె తెరిచి, రాయిని తడిపి చూస్తే రాగి ఖనిజమైన చాల్కోపైరైట్ పసుపుపచ్చగా మెరిసిందంటే ఆ రాత్రి నిద్ర పట్టదు. దక్షిణ ఆస్ట్రేలియాలో ఒలింపిక్ డ్యామ్ రాగి నిక్షేపం 1975లో అలా డ్రిల్లింగ్‌లోనే బయటపడింది. దాని మీద 300 మీటర్లకు పైగా ఉత్త రాళ్లే కప్పి ఉన్నాయి. అంత పెద్ద నిక్షేపంలోనూ ఉత్పత్తి మొదలయ్యేసరికి 1988 వచ్చింది. చాలా ప్రాజెక్టులు అసలు గని దాకా రావు. మన ఊహ తప్పో ఒప్పో తేలకముందే డబ్బులు అయిపోతాయి.

గనిలో జవాబు వెంటనే వస్తుంది. ఇటు ఖనిజం, అటు వ్యర్థం అని గీత గీస్తాం. బ్లాస్టింగ్ అయ్యాక ఖనిజాన్ని పిండి చేసే మిల్లులో తేలిన గ్రేడ్‌ను, అంటే రాయిలో లోహం ఎంతుందన్న లెక్కను, మన అంచనాతో సరిచూస్తారు. తేడా వస్తే నమూనా తీయడంలో పొరబడ్డామా, రాళ్లు విరిగి పక్కకు జరిగిన ఫాల్టును గుర్తించలేదా అని వెతుక్కోవాలి. షిఫ్టులు, దుమ్ము, రోజూ గనిలో మెట్టులా తవ్విన అదే బెంచి, విసుగు పుట్టే మాట నిజమే. కానీ ఇంత త్వరగా తప్పు దిద్దుకునే చోటు ఈ రంగంలో ఇంకొకటి లేదు.

జీతం మాటకొస్తే, లోహాల ధర పడగానే ముందు కోత పడేది అన్వేషణకే. ప్రభుత్వ సర్వే సంస్థల్లో నిలకడ ఎక్కువ, అయితే గని లెక్కలు చేతికి అలవాటు కావు.

ఇంకో సంగతి. ఆస్ట్రేలియాలో 1989లో వచ్చిన, ఖనిజ నిల్వల వివరాలు ఎలా ప్రకటించాలో చెప్పే జోర్క్ నియమావళి ప్రకారం, నిక్షేపం అంచనాకు బాధ్యత వహించే వ్యక్తికి ఆ తరహా నిక్షేపాల్లో కనీసం అయిదేళ్ల అనుభవం ఉండాలి. మామూలుగా కోర్‌ను నిలువునా చీల్చి ఒక సగాన్ని పరీక్షకు పంపి, రెండో సగాన్ని దాస్తారు. కెనడా కంపెనీ బ్రె-ఎక్స్ చేసిన, 1997లో బయటపడ్డ బంగారం మోసంలో కోర్‌ను సగం దాచకుండా మొత్తం పిండి చేశారు. గనిలో పనిచేసినవాళ్లు మొదట అడిగేది ఆ మిగతా సగం ఎక్కడని.

అలాంటివాళ్లు అన్వేషణకు వెళ్తే గ్రేడ్ ఒక్కటే చూసి ఊరుకోరు. ఆర్సెనిక్ ఎంతుంది, నీళ్లు ఎక్కడ ఊరతాయి, ఈ రాయి మిల్లులో విడిపోతుందా అని మొదటి డ్రిల్ రంధ్రం దగ్గరే ఆరా తీస్తారు.