పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్: పర్మిషన్ ఎర్రర్ వచ్చిన చోట ఏది ఎంత సాయపడుతుంది?

డెబియన్, ఉబుంటు లినక్స్‌ల మీద సొంత మెయిల్ సర్వర్ పెట్టుకునేవాళ్లలో ఎక్కువమంది ఎంచుకునే జంట పోస్ట్‌ఫిక్స్ (మెయిళ్లను పంపేది, అందుకునేది), డవ్‌కాట్ (వచ్చిన మెయిళ్లను యూజర్లకు చూపించేది). రెండూ ఉచితం. పోస్ట్‌ఫిక్స్ 1998లో, డవ్‌కాట్ 2002లో బయటికొచ్చాయి. వేగం, స్పామ్ వడపోత వంటి విషయాలను పక్కనపెట్టి ఇక్కడ ఒక్కటే చూద్దాం: ఇన్‌స్టాల్ చేసిన మొదటి రోజే లాగ్‌లో 'పర్మిషన్ డినైడ్' (అనుమతి లేదు) అని కనబడితే, కారణం వెతకడానికి ఇవి మనకు ఎంత సాయపడతాయి?

ఈ విషయంలో డవ్‌కాట్‌కే ఎక్కువ మార్కులు. ఏ ఫైల్ తెరవబోయిందో చెప్పి ఊరుకోదు. ఏ యూజర్ నంబర్‌తో, ఏ గ్రూప్ నంబర్‌తో ప్రయత్నించిందో, దారిలో ఏ డైరెక్టరీకి ఏ అనుమతి లేదో, దాని ఓనర్ ఎవరో, మోడ్ (ఎవరికి ఏ అనుమతి ఉందో చెప్పే అంకె) ఎంతో అన్నీ ఒకే వరుసలో రాస్తుంది. '/వార్/మెయిల్‌కు రైట్ అనుమతి లేదు, మనం 8వ నంబర్ మెయిల్ గ్రూప్‌లో లేము' అనే అర్థంలో లైన్ వస్తే మందు అందులోనే ఉంది: డవ్‌కాట్ సెట్టింగుల్లో మెయిల్_ప్రివిలేజ్డ్_గ్రూప్‌కు మెయిల్ అని ఇవ్వాలి. ఇంత వివరంగా తప్పు చెప్పే సర్వర్ సాఫ్ట్‌వేర్ అరుదు.

పోస్ట్‌ఫిక్స్ అంత వివరంగా చెప్పదు. దాని నిర్మాణం అర్థమైతేనే దాని ఎర్రర్లు అర్థమవుతాయి. మాస్టర్ ప్రాసెస్ రూట్‌గా (అన్ని హక్కులూ ఉన్న యూజర్‌గా) నడుస్తుంది, మిగతా పనులు చాలావరకు పోస్ట్‌ఫిక్స్ అనే యూజర్‌వి. మామూలు యూజర్ పంపే మెయిల్‌ను క్యూలో (పంపాల్సిన మెయిళ్ల వరుసలో) వేసే పోస్ట్‌డ్రాప్ ప్రోగ్రామ్ సెట్‌జిడ్ బిట్‌తో, అంటే నడిపినవారు ఎవరైనా పోస్ట్‌డ్రాప్ గ్రూప్ హక్కులతో నడుస్తుంది. అందుకే క్యూ డైరెక్టరీలో అన్నిటికీ ఒకే ఓనర్ ఉండరు. /వార్/స్పూల్/పోస్ట్‌ఫిక్స్ రూట్‌ది. దానిలోపలి మెయిల్‌డ్రాప్, పబ్లిక్ డైరెక్టరీలకు ఓనర్ పోస్ట్‌ఫిక్స్, గ్రూప్ పోస్ట్‌డ్రాప్. ప్రైవేట్‌కు ఓనర్ పోస్ట్‌ఫిక్స్, మోడ్ 700. మెయిల్‌డ్రాప్ మోడ్ 730. డెబియన్‌లో స్టికీ బిట్ (ఒకరి ఫైల్‌ను మరొకరు తీసేయకుండా ఆపేది) కూడా చేరి 1730గా కనిపిస్తుంది, అది తప్పు కాదు.

ఎక్కువ సర్వర్లు పాడయ్యేది ఇక్కడే. ఎర్రర్ చూడగానే మొత్తం స్పూల్ మీద చౌన్ హైఫన్ ఆర్ (లోపలివన్నిటికీ ఓనర్‌ను మార్చే కమాండ్) కొట్టేస్తారు, అది చాలక 777 (అందరికీ అన్ని అనుమతులు) పెడతారు. ఆ దెబ్బతో సరిగా ఉన్నవి కూడా చెడతాయి. చౌన్‌ను ప్రోగ్రామ్ ఫైళ్ల మీద కూడా నడిపితే కెర్నెల్ సెట్‌జిడ్ బిట్‌ను తీసేస్తుంది. అప్పుడు క్రాన్ (వేళకు పనులు నడిపే ప్రోగ్రామ్) పంపే మెయిళ్లు, వెబ్‌సైట్ ఫారం నుంచి వచ్చే మెయిళ్లు 'మెయిల్_క్యూ_ఎంటర్: క్రియేట్ ఫైల్ మెయిల్‌డ్రాప్' అంటూ ఆగిపోతాయి. చేయవలసిన వరుస ఇది: ముందు సుడోతో 'పోస్ట్‌ఫిక్స్ చెక్' నడిపి ఏ ఫైల్ ఓనర్ తప్పో చూడాలి, తర్వాత 'పోస్ట్‌ఫిక్స్ సెట్-పర్మిషన్స్' నడపాలి. ఈ రెండో కమాండ్ డెబియన్ జాతి సిస్టమ్‌లలో ఇబ్బంది పెడుతుంది: ప్యాకేజీతో రాని ఏదో ఒక ఫైల్ కోసం వెతికి, అది లేదని మధ్యలో ఆగిపోవడం కద్దు. అలాంటప్పుడు ఆప్ట్‌తో పోస్ట్‌ఫిక్స్‌ను రీఇన్‌స్టాల్ చేయడమే సులువు. మన సెట్టింగులు పోవు, అనుమతులు మళ్లీ సరిపడతాయి. మంచి టూల్‌ను ఇలా సగంలో వదిలేయడం ఈ ప్యాకేజీలో పెద్ద లోపం.

రెండూ కలిసే చోట వచ్చే ఎర్రర్ మరొకటి. లాగిన్ తనిఖీ కోసం పోస్ట్‌ఫిక్స్ డవ్‌కాట్ సాకెట్‌ను (ప్రోగ్రామ్‌లు మాట్లాడుకునే ప్రత్యేక ఫైల్‌ను) అడగాలి. డెబియన్‌లో ఎస్‌ఎమ్‌టిపిడి (మెయిల్ అందుకునే పోస్ట్‌ఫిక్స్ భాగం) క్రూట్‌లో, అంటే ఒక డైరెక్టరీకే పరిమితమై నడిచేటప్పుడు దానికి /వార్/స్పూల్/పోస్ట్‌ఫిక్స్ బయట ఏదీ కనబడదు. సాకెట్ దాని లోపలే, ప్రైవేట్/ఆథ్ దగ్గర పుట్టాలి. డవ్‌కాట్ 10-మాస్టర్ ఫైల్‌లో, సర్వీస్ ఆథ్ కింద పూర్తి దారి ఇచ్చి మోడ్ 0660, యూజర్ పోస్ట్‌ఫిక్స్, గ్రూప్ పోస్ట్‌ఫిక్స్ అని రాయాలి. పోస్ట్‌ఫిక్స్ వైపు మాత్రం ముందు స్లాష్ లేకుండా ప్రైవేట్/ఆథ్ అని ఇస్తే చాలు. 'నో సచ్ ఫైల్' వస్తే దారి తప్పు లేదా డవ్‌కాట్ రీస్టార్ట్ కాలేదు. 'పర్మిషన్ డినైడ్' వస్తే ఓనర్, మోడ్ తప్పు. రెండూ వేర్వేరు జబ్బులు. ఏదైనా సందేహం ఉంటే 'నేమ్‌ఐ హైఫన్ ఎల్' కమాండ్‌కు సాకెట్ దారి ఇవ్వండి. రూట్ నుంచి చివరి దాకా ప్రతి మెట్టు ఓనర్, మోడ్ కనిపిస్తాయి. ఫైల్ సరిగా ఉన్నా, పైనున్న ఏదో ఒక డైరెక్టరీకి ఎక్స్ బిట్ (లోపలికి వెళ్లే అనుమతి) లేకపోతే లోపలికి వెళ్లలేరు.

వర్చువల్ మెయిల్‌బాక్సుల (సిస్టమ్‌లో సొంత అకౌంట్ లేని చిరునామాల మెయిల్‌బాక్సుల) కోసం వీమెయిల్ అనే యూజర్‌ను తయారుచేసేటప్పుడు ఒక చిన్న విషయం గుర్తుంచుకోవాలి. 'యాడ్‌యూజర్ సిస్టమ్' పద్ధతిలో చేస్తే 100 దగ్గరి నంబర్ వస్తుంది. డవ్‌కాట్ ఒప్పుకునే అతి చిన్న యూజర్ నంబర్ (ఫస్ట్_వాలిడ్_యూఐడి) డిఫాల్ట్ 500, అంతకంటే తక్కువ నంబర్‌కు మెయిల్ అనుమతి ఇవ్వదు. నంబర్‌ను మనమే 5000గా ఇచ్చి సృష్టిస్తే ఈ తగాదా ఉండదు.

/వార్/మెయిల్‌లో పాత పద్ధతి మెయిల్ ఫైళ్లు 0660తో, మెయిల్ గ్రూప్‌తో ఉంటే డవ్‌కాట్ తన ఇండెక్స్ డైరెక్టరీకి కూడా అదే గ్రూప్ పెట్టబోయి, కుదరక 'ఆపరేషన్ నాట్ పర్మిటెడ్' అంటుంది. ఆ ఫైళ్లను 0600 చేస్తే సరి.

సర్టిఫికెట్ల దగ్గర అనవసరంగా కంగారుపడతారు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ (ఉచిత సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థ) కీలు ఉండే డైరెక్టరీలు రూట్‌కు మాత్రమే తెరిచి ఉంటాయి. వాటిని అందరికీ తెరవక్కర్లేదు. పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ రెండూ రూట్ హక్కులు వదలకముందే కీ చదువుకుంటాయి. ఎగ్జిమ్ అనే మరో మెయిల్ సర్వర్ వాడేవాళ్ల సంగతి వేరు, అది తన సొంత యూజర్‌గా చదువుతుంది కాబట్టి దానికి గ్రూప్ అనుమతి కావాలి. డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న ఫైల్‌కు మాత్రం రూట్ ఓనర్, పోస్ట్‌ఫిక్స్ గ్రూప్, 0640.

డెబియన్ 12 నుంచి ఆర్‌సిస్‌లాగ్ (లాగ్‌లను ఫైళ్లలో రాసే ప్రోగ్రామ్) డిఫాల్ట్‌గా రాదు కనుక మెయిల్.లాగ్ ఫైల్ కనబడకపోయినా ఆశ్చర్యపోకండి, జర్నల్‌సిటిఎల్ కమాండ్‌తో చూడండి. డవ్‌కాట్ 2.4లో సెట్టింగుల రాత మారిపోయింది, పాత 2.3 ఫైళ్లు నేరుగా నడవవు. డెబియన్ 13లో ఉన్నది ఈ 2.4 శాఖే, పాత గైడ్ తెరిచేముందు దాని వెర్షన్ చూసుకోండి.

రాకీ, ఆల్మా లినక్స్‌లలో ఓనర్, మోడ్ అన్నీ సరిగా ఉన్నా డినైడ్ వస్తుంటే అది ఎస్‌ఈలినక్స్ (మామూలు అనుమతుల పైన లేబుళ్లతో నడిచే మరో కాపలా) పని. '/ఎస్‌ఆర్‌వి/వీమెయిల్' లాంటి కొత్త చోట మెయిళ్లు పెడితే ఆ డైరెక్టరీకి సెమానేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్‌తో మెయిల్_స్పూల్_టి లేబుల్ నమోదు చేసి, రీస్టోర్‌కాన్ హైఫన్ ఆర్‌వి నడపాలి. ఆపిందేదో 'ఆసెర్చ్ హైఫన్ ఎం ఏవీసీ' కమాండ్ చూపిస్తుంది. సెట్‌ఎన్‌ఫోర్స్ 0తో ఆ కాపలాను కాసేపు ఆపి ఒక్కసారి పరీక్షించి, కారణం తేలగానే మళ్లీ 1 చేయండి.