ముందు సీటు కొన్నాం, తలుపు వెనక తెరిచారు

ఒడిశాలోని రాయగడలో మా ఇంట్లో హైదరాబాద్ ప్రయాణమంటే నాగావళి ఎక్స్‌ప్రెస్సే. కానీ నాన్నగారికి రెండు మోకాళ్లకీ ఆపరేషన్ అయి ఎనిమిది నెలలే అయింది. రాత్రంతా రైల్లో పడుకుని, బాత్రూమ్‌కి నాలుగుసార్లు లేచి నడవడం ఆయనకి కష్టం. అందుకని ఈసారి చెకప్‌కి వైజాగ్ దాకా రైల్లో, అక్కడి నుంచి విమానంలో తీసుకెళ్లాను. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ, రెండుసార్లూ చివరి నిమిషంలో విమానం మార్చేశారు. గుణుపురం, కోరాపుట్, జైపూర్ వైపు నుంచి మన తెలుగువాళ్లు చాలామంది ఆస్పత్రుల కోసం ఇదే దారిలో వెళ్తుంటారు. వాళ్లకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను. ఎయిర్‌లైన్ పేరు రాయడం లేదు.

రాయగడ నుంచి వైజాగ్‌కి 2024 సెప్టెంబరులో మొదలైన దుర్గ్–విశాఖ వందేభారత్ ఎక్కాం. గురువారం తప్ప రోజూ ఉంటుంది. పెద్దవాళ్లకి దీన్ని మించిన బండి మా రూట్లో లేదు. మధ్యాహ్నం 1.45కి వైజాగ్‌లో దింపేస్తుంది. స్టేషన్ రిటైరింగ్ రూమ్ ముందే ఆన్‌లైన్లో బుక్ చేశాను. పరుపు గట్టిగా ఉన్నా గది శుభ్రంగా ఉంది, నాన్నగారు రెండు గంటలు కాళ్లు చాపుకుని పడుకున్నారు. ఆ కాసేపటి కోసం ఎయిర్‌పోర్టు దగ్గర హోటల్ తీసుకోవడం దండగ.

మా విమానం సాయంత్రం 6.20కి. ఎయిర్‌బస్ 320, వరసకి మూడూ మూడూ సీట్లు. తలుపు దగ్గరగా ఉంటే ఎక్కడం దిగడం తేలికని డబ్బు కట్టి రెండో వరసలో సీట్లు తీసుకున్నాను. నాన్నగారు ఆ సీటు నంబరు తన చిన్న డైరీలో రాసుకున్నారు కూడా.

నాలుగున్నరకి ఎయిర్‌పోర్టులో దిగేసరికి మెసేజ్ వచ్చింది. విమానం మారిందనీ, బయలుదేరే టైమ్ 8.40 అనీ. కౌంటర్లో అడిగితే అసలు విషయం తెలిసింది. రావాల్సిన ఎయిర్‌బస్‌కి ముందు ఊళ్లో పక్షి తగిలిందట, ఇంజిన్ లోపల చూడకుండా వదలరు. దాని బదులు ఏటీఆర్ వస్తోంది. అది రెక్కలకి పంకాలుండే చిన్న విమానం, 78 సీట్లు. ఆ రోజు మంగళవారం కావడంతో జనం తక్కువే, అయినా 81 మంది ఉన్నారు. ముగ్గురు ఆగిపోవాలి.

స్టాఫ్ ముందుగా 'ఎవరైనా రేపు పొద్దున వెళ్తారా' అని అడిగారు. రూల్ కూడా అదే. ఇష్టపడి ఆగేవాళ్ల కోసం ముందు అడగాలి. ఎవరూ రాకపోతేనే బలవంతంగా ఆపాలి. అలా ఆపినవాళ్లకి గంటలోపు వేరే విమానం చూపించలేక, 24 గంటల్లోపు పంపితే బేసిక్ ఛార్జీ, ఫ్యూయల్ ఛార్జీ కలిపి దానికి రెండింతలు, గరిష్ఠంగా 10,000 రూపాయలు ఇవ్వాలి. 24 గంటలు దాటితే నాలుగింతలు, గరిష్ఠంగా 20,000. ఇది మన దేశంలో విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ నిబంధన, అందరూ గుర్తుపెట్టుకోవాలి. గాజువాక కుర్రాళ్లు ముగ్గురు ఒప్పుకున్నారు, వాళ్లకి ఇల్లు అరగంట దూరం. మేం ఒప్పుకుని ఉంటే రాత్రి లాడ్జి వెతుక్కోవాలి, పొద్దున్న డాక్టర్ అపాయింట్‌మెంట్ పోతుంది. అక్కడ నిలబడే నాకు అర్థమైంది, విమానం మారితే పడే దెబ్బ ఊరివాళ్లకి ఒకలా, మనలాంటి దూరపువాళ్లకి ఇంకోలా ఉంటుంది.

అసలు ఇబ్బంది విమానం దగ్గరికి వెళ్లాక మొదలైంది. ఏటీఆర్‌లో మనం ఎక్కే తలుపు తోక వైపు ఉంటుంది. ముందు భాగంలో సామాన్లు పెడతారు. అంటే మేం డబ్బు కట్టి కొనుక్కున్న రెండో వరస తలుపుకి అన్నిటికన్నా దూరమైన చోటు అయింది! కౌంటర్లో అమ్మాయి 'సీటు నంబరు మారలేదు కదా మేడమ్' అంది. నిజమే, కాగితం మీద ఏమీ మారలేదు. నాన్నగారు మాత్రం మెట్లెక్కి, ఆ ఇరుకు దారిలో ఒక్కో సీటు వీపు పట్టుకుంటూ, పక్కకి తిరిగి అడుగులు వేయడం మొదలుపెట్టారు. నాలుగో అడుగుకే ఆగిపోయారు. నుదుటి మీద చెమట. వెనక క్యూలో ఉన్నవాళ్లు ఒక్కమాట అనలేదు, అది వాళ్ల మంచితనం. ఎయిర్ హోస్టెస్ గబగబా వచ్చి, 'అంకుల్, మీరు ఇక్కడే కూర్చోండి' అని చివరి వరసలో చోటు చూపించింది. అక్కడున్న ఇంజినీరింగ్ కుర్రాడు అడక్కుండానే లేచి మా రెండో వరసకి వెళ్లిపోయాడు. ఆ ఇద్దరికీ నేను రుణపడి ఉంటాను.

ఇంకో సంగతి. ఏటీఆర్‌లో పైన సామాన్ల అర చిన్నది. చక్రాల సూట్‌కేస్ పట్టదని మెట్ల దగ్గరే తీసుకుని కింద వేశారు. నాన్నగారి బీపీ మాత్రలు అందులోనే. చివరి క్షణంలో తీసి చీర కొంగులో పట్టుకుని ఎక్కాను. పెద్దవాళ్ల మందులు, రిపోర్టులు ఎప్పుడూ చేతిసంచిలోనే పెట్టుకోండి. ఇది మాత్రం ఖాయంగా చెబుతున్నాను. విమానం కూడా జెట్ కన్నా నెమ్మదిగా, తక్కువ ఎత్తులో వెళ్తుంది. మబ్బుల్లో కాస్త ఎక్కువ కుదిపింది, అంతే. భయపడాల్సిందేమీ లేదు.

హైదరాబాద్‌లో శంషాబాద్ దగ్గర పెద్దమ్మ కూతురింట్లో దిగాం. బావగారు విమానాల మెయింటెనెన్స్‌లో పనిచేస్తారు. రాత్రి పదకొండుకి అన్నం తింటూ ఆయన చెప్పినవి విన్నాక నా కోపం సగం తగ్గింది. ఒక విమానం రోజుకి ఐదారుసార్లు ఎగురుతుంది, పొద్దున్న ఏదో ఊళ్లో గంట ఆగితే ఆ గంట సాయంత్రం దాకా వెంట వస్తుంది. పక్షి తగిలినా, పిడుగు తాకినా పూర్తిగా పరీక్షించే దాకా కదలనివ్వరు. ఏ భాగం చెడినా ఎగరొచ్చో, ఏది చెడితే ఎగరకూడదో రాసిన జాబితా ఒకటి ఉంటుంది. దానికి మించి ఒక్క వస్తువు పనిచేయకపోయినా ఆ విమానం నేల మీదే. పైలట్ల సంగతీ అంతే. ఎయిర్‌బస్ 320 నడిపేవాళ్లు 321 కూడా నడపగలరు, అందుకే ఆ రెండూ తరచుగా మారుతుంటాయి. ఏటీఆర్‌కి వేరే లైసెన్సు కావాలి, వేరే సిబ్బంది రావాలి. డ్యూటీ గంటలు అయిపోతే ఎంత అర్జెంటయినా పైలట్ దిగిపోవాల్సిందే.

కొన్నిసార్లు కారణం ప్రపంచమంతటిది. 2023లో ఒక రకం ఇంజిన్లలో వాడిన లోహపు పొడిలో లోపం బయటపడి, వందల ఎయిర్‌బస్ నియో విమానాలు తనిఖీల కోసం ఆగిపోయాయి. 2025 నవంబరు చివర్లో ఒక సాఫ్ట్‌వేర్ మార్చేదాకా ఎగరొద్దని సుమారు 6,000 విమానాలకి ఎయిర్‌బస్ చెప్పింది. 'మారిస్తేనే నయం చెల్లీ, మార్చడానికి ఇంకోటి లేకపోతే రద్దే' అన్నారు బావగారు. ఆ మాట మాకు కొత్త కాదు. జైపూర్ నుంచి 9 సీట్ల సెస్నా సర్వీసు 2022లో మొదలైంది. పైలట్‌కి కంటికి దారి కనిపిస్తేనే అది ఎగురుతుంది. కొండల మీద మబ్బు పడితే ఆగిపోతుంది, దాని బదులు పంపడానికి మరోటి ఉండదు.

ఖాళీగా ఉంటుందని పెద్ద విమానం తీసేసి చిన్నది పంపడం కూడా ఉంటుందని ఆయనే ఒప్పుకున్నారు. అది నాకు నచ్చలేదు. పక్షి తగలడం ఎవరి చేతుల్లోనూ లేదు. జనం తక్కువున్నారన్నది మాత్రం రెండు రోజుల ముందే తెలుస్తుంది. తెలిసినప్పుడే చెప్పాలి.

తిరుగు ప్రయాణం గురించి తలుచుకుంటే ఇప్పటికీ నీరసం వస్తుంది. పొద్దున్న 10.15 విమానం, పదకొండున్నరకి వైజాగ్, 2.50కి వందేభారత్. మూడు గంటల ఇరవై నిమిషాలు చాలనుకున్నాను. ఈసారి ఎయిర్‌బస్ బదులు ఎయిర్‌బస్సే, కానీ ఆ రెండోది వేరే ఊరి నుంచి రావాలి. 1.20కి బయలుదేరాం. వైజాగ్‌లో దిగేసరికి 2.35. ఇంక పరిగెత్తి ప్రయోజనం లేదు. రెండు గంటలు దాటిన ఆలస్యానికి టిఫిన్ ఇవ్వాలన్నది రూల్, శాండ్‌విచ్, జ్యూస్ ఇచ్చారు. ఆరు గంటలు దాటితేనే డబ్బు వాపసు అడగొచ్చు. తప్పిపోయిన రైలు టికెట్ సంగతి ఏ రూల్లోనూ లేదు, అది వేరే టికెట్, వేరే సంస్థ. ఆ డబ్బు పోయింది. రిటైరింగ్ రూమ్‌లు నిండిపోయాయి. ఏసీ వెయిటింగ్ హాల్లో కూర్చోబెట్టి, కరెంట్ బుకింగ్‌లో (బండి బయలుదేరే ముందు మిగిలిన బెర్తులు ఇచ్చే చోట) రాత్రి కోర్బా ఎక్స్‌ప్రెస్‌కి రెండు బెర్తులు సంపాదించాను. ఏ బెర్త్ ప్రయాణం తప్పిద్దామని విమానం ఎక్కించానో, చివరికి నాన్నగారిని ఆ బెర్త్ మీదికే ఎక్కించాల్సి వచ్చింది. అర్ధరాత్రి దాటాక రాయగడలో దిగాం.

సీటు కోసం కట్టిన డబ్బు మాత్రం వదల్లేదు. కొన్నది నంబరు కాదు, తలుపు దగ్గర చోటు అని బోర్డింగ్ పాస్ ఫొటోతో మెయిల్ రాశాను. మొదట కుదరదన్నారు, రెండోసారి రాస్తే పది రోజుల్లో వచ్చింది.

మూడు నెలల తర్వాత మళ్లీ చెకప్ ఉంది. టికెట్లు తీసేశాను. ఈసారి హైదరాబాద్ నుంచి సాయంత్రం వైజాగ్ వచ్చి, రాత్రికి దొండపర్తిలో బస, మర్నాడు మధ్యాహ్నం వందేభారత్. ఒక రాత్రి గది అద్దె ఎక్కువైనా పరవాలేదు. ముందురోజు సీట్ల పటం తెరిచి చూస్తాను, మూడూ మూడూ ఉన్న చోట రెండూ రెండూ కనిపిస్తే వెంటనే ఫోన్ చేసి వెనక వరస అడుగుతాను. నాన్నగారి డైరీలో ఈసారి రెండు సీట్లు రాసుకున్నారు: పెద్ద విమానమైతే రెండో వరస, చిన్నదైతే చివరి వరస.