నీళ్లు దిగే కాలంలో గాలం పట్టుకుని: టెయిల్‌పాండ్, వైజాగ్ కాలనీ, సోమశిల

నేను కూర్చున్న బండ మీద మూరెడు ఎత్తున ఒక తడి గీత ఉంది. నీళ్లు దానికి చాలా కిందనే ఉన్నాయి. "ఆ గీత దాకా మళ్లీ వస్తాయి సార్, సంచి పైన పెట్టుకోండి" అన్నాడు పుట్టి అనే గుండ్రటి పడవ నడిపే కుర్రవాడు. గాలి లేదు, వాన లేదు, ఫిబ్రవరి చివరి వారం. గంట గడిచేసరికి నా కాలి దగ్గరి గులకరాళ్లు మునిగాయి, బెండు ఎగువ నుంచి దిగువకు లాగడం మొదలైంది. నాగార్జునసాగర్ డ్యామ్ కింద విద్యుత్ కేంద్రంలో టర్బైన్లు తిరిగాయన్నమాట.

మా చిన్నాన్న కొడుకు కెనడాలో ఫ్రేజర్ నది ఒడ్డున ఉంటాడు. ఆకులు రాలే కాలం చివర్లో సాల్మన్ చేపలకు గాలం వేస్తాడు. అక్కడ మిషన్ అనే ఊరి దగ్గర రైలు వంతెన ఉంది. దానికి దిగువన ఆటుపోట్ల నీరుగా లెక్క, ఎగువన మంచినీటి నదిగా లెక్క, రెండింటికీ లైసెన్సులు వేరు. సముద్రం ఎప్పుడు పొంగుతుందో చెప్పే పట్టిక చూసుకోకుండా తాను ఇంట్లోంచి కదలనని ఫోనులో చెప్పినప్పుడు, మన కృష్ణకు అలాంటిది లేదు కదా అన్నాను. సాగర్ డ్యామ్ దిగువన నీళ్లు నిలిపే ఈ టెయిల్‌పాండ్ ఒడ్డున ఆ మాట వెనక్కి తీసుకున్నాను. సాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో ఎనిమిది యూనిట్లుంటే వాటిలో ఏడు రెండు వైపులా తిరిగేవి. కరెంటు కావాల్సినప్పుడు నీళ్లు కిందికి వదులుతాయి, కరెంటు మిగిలినప్పుడు అవే నీళ్లను పైకి తోడుతాయి. అలా తోడడానికి నీళ్లు నిలవాలనే దిగువన సత్రశాల దగ్గర టెయిల్‌పాండ్ కట్టారు. చంద్రుడి లెక్క కాకపోయినా ఇక్కడా పోటు ఉంది, పాటు ఉంది.

నేనూ మా బావా నల్లగొండ నుంచి బయలుదేరి ఐదు రోజుల్లో మూడు చోట్ల గాలం వేశాం. శివరాత్రికి ముందు వారం కావాలనే ఎంచుకున్నాం. చలి ఇంకా పూర్తిగా పోలేదు, కానీ మధ్యాహ్నం నీళ్లు వేడెక్కుతాయి. చలికి మేత తగ్గించిన బొచ్చె, రోహు మళ్లీ తినడం మొదలుపెట్టే రోజులివి. జలాశయాలు దిగుతుంటాయి కాబట్టి చేప విశాలమైన నీళ్లను వదిలి పాత వాగుల లోతుల్లోకి చేరుతుంది. ఇంకో నెల ఆగితే ఎండకు ఒడ్డున కూర్చోలేం.

టెయిల్‌పాండ్ సంగతి త్వరగా చెప్పేస్తాను. డ్యామ్‌కు దగ్గరలో భద్రతా ప్రాంతం ఉంది, అక్కడ గాలం వేయాలన్న ఆలోచనే పెట్టుకోవద్దు. మేము బాగా కిందికి, అడవిదేవులపల్లి వైపు వెళ్లాం. నీళ్లు పెరుగుతున్న తొలి అరగంటలోనే చేప ఒడ్డుకు వస్తుంది. కొత్తగా మునిగిన నేల మీది పురుగుల కోసం జెల్లలు ఎగబడతాయి. వానపాము గుచ్చి అడుగుకు వదిలితే ఆ అరగంటలో ఏడు జెల్లలు పడ్డాయి, ఆ తర్వాత రెండు గంటలు ఏమీ లేదు. నీళ్లు ఎప్పుడు పెరుగుతాయో ముందుగా చెప్పేవాళ్లు లేరు. బండ మీద తడి గీత చూసి, స్థానికుల మాట విని మసలుకోవాలి. పిల్లల్ని తీసుకెళ్లే చోటు కాదు. ఈత వచ్చిన మా బావ కూడా మోకాలి లోతు దాటి దిగలేదు, నేను దిగనివ్వలేదు.

బస మాత్రం ఈ మూడింటిలో సాగర్‌లోనే సుఖం. విజయ విహార్‌లో జలాశయం కనబడే గదులున్నాయి, శని ఆదివారాలకు ముందుగా చెప్పుకోవాలి. మాకు ఆ గదులు దొరకక ఒక ప్రైవేటు లాడ్జిలో దిగాం. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి. కానీ తెల్లవారుజామున నాలుగున్నరకు బయటకు వెళ్లాలంటే గేటుకు తాళం, తాళం చెవి ఉన్న మనిషి ఎక్కడ పడుకున్నాడో ఎవరికీ తెలియదు. అరగంట పోయింది. చేపల వేటకు వచ్చేవాళ్లకు మంచం మెత్తగా ఉందా అన్నదాని కన్నా గేటు ఎన్నింటికి తీస్తారన్నది ముఖ్యం. గది తీసుకునే ముందే ఈ ఒక్క ప్రశ్న అడగండి. వేటకు రాని ఇంటివాళ్లు వెంట ఉంటే వాళ్లకు సాగరే సరైనది. లాంచీలో నాగార్జునకొండకు వెళ్లి మ్యూజియం చూసి రావచ్చు, 2022లో తెరిచిన బౌద్ధ వారసత్వ పార్కు బుద్ధవనంలో ఒక పూట హాయిగా గడుస్తుంది.

రెండో రోజు మధ్యాహ్నం దేవరకొండ దాటి, నేరెడుగొమ్ము మీదుగా వైజాగ్ కాలనీకి చేరాం. ఈ ప్రయాణం మొత్తంలో నా మనసు నిలిచిపోయింది ఇక్కడే.

పేరు వినగానే ఏ పట్టణంలోనో పేట అనుకుంటారు. సాగర్ వెనుక జలాల ఒడ్డున, కొండల మధ్య ఉన్న చిన్న మత్స్యకారుల ఊరిది. సాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. ఆ నిర్మాణ కాలంలో విశాఖ వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాల వారసులు వీళ్లు. మాటలో ఆ తీరపు యాస ఇంకా ఉంది. ఇళ్ల ముందు వలలు ఆరేసి ఉంటాయి, ఎండు చేపల వాసన ఊరి మొదట్లోనే తగులుతుంది. హైదరాబాదు నుంచి ఆదివారాల్లో కార్లు వస్తాయి, చేప కొనిస్తే అక్కడి ఆడవాళ్లు వేపుడు చేసి పెడతారు. చాలామందికి ఈ ఊరు ఆ వేపుడు వల్లనే తెలుసు. మేము కావాలనే మంగళవారం వెళ్లాం. ఒడ్డు మొత్తం మీద మేమిద్దరమే కొత్తవాళ్లం.

హోటలు లాంటిది మాకు దొరకలేదు. ఒక ఇంటివాళ్లు తమ వసారాలో రెండు నులక మంచాలు వేశారు. ఆ ఇంటాయనను అన్నా అన్నాం, ఆయన భార్యను వదినా అన్నాం. రెండు రాత్రుల బసకు, తిండికి, రెండు ఉదయాలు పుట్టిలో తిప్పినందుకు కలిపి ఇద్దరికీ నాలుగు వేలు ఇచ్చాం. ఆయన అడిగింది అంతకన్నా తక్కువే. మరుగుదొడ్డి ఇబ్బంది ఉంది, ఆడవాళ్లతో వెళ్లేవారు ముందే కనుక్కోవాలి. ఫోను సిగ్నల్ ఒడ్డున ఒక గుట్ట ఎక్కితేనే వచ్చింది. నగదు దేవరకొండలోనే తీసుకుని వెళ్లండి.

గాలం వేసే ముందు ఆయన్ను అనుమతి అడిగాం. ఇది మర్యాద కోసం మాత్రమే కాదు. జలాశయంలో చేపల మీద హక్కు లైసెన్సు ఉన్న మత్స్యకారులది, వాళ్ల సంఘాలది. ప్రభుత్వం వదిలే చేపపిల్లలు పెరిగి వీళ్ల వలల్లో పడితేనే ఇల్లు గడుస్తుంది. పట్నం నుంచి రీలు గాలాలతో వచ్చి, అడగకుండా పట్టుకుని, ఫొటోలు దిగి వెళ్లిపోవడం నాకు సబబుగా అనిపించదు. అన్న నవ్వి, "గాలానికి పడేది ఎంత? వేసుకోండి. కానీ కిలో లోపు రోహును వదిలేయండి" అన్నాడు. ఆ మాట రెండు రోజులూ పాటించాం.

మొదటి ఉదయం ఐదింటికి పుట్టి ఎక్కాం. ఒకప్పుడు వెదురు బద్దలతో అల్లి తారు పూసేవారు, ఇప్పుడు ఫైబర్‌వి ఎక్కువ. గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఇద్దరు ఒకే వైపు ఒరిగితే తిరిగిపోతుంది. గాలం విసరాలంటే కూర్చునే విసరాలి. సాగర్ నిండు మట్టం 590 అడుగులు. కొండ పాదాల మీద నీళ్లు విడిచిన తెల్లటి పట్టీ నా నిలువు కన్నా చాలా ఎత్తున కనబడింది. ఆ పట్టీ చూపించి అన్న చెప్పిన మాట నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. "నీళ్లు నిండుగా ఉన్నప్పుడు చేప ఎక్కడైనా ఉంటుంది. దిగేటప్పుడు వాగు దారి పట్టుకుంటుంది. మునిగిన వాగు ఎక్కడుందో తెలిస్తే చాలు." ఎదురుగా రెండు గుట్టల మధ్య సందు చూపించి, అక్కడి నుంచి పాత వాగు నీళ్ల కింద ఎలా వంకర తిరిగి వస్తుందో వేలితో గీశాడు. సీసపు గుండు కట్టిన తంగూసు దారం వదిలి చూస్తే, పుట్టికి ఒక పక్క రెండు బారల లోతు, మరో పక్క ఐదు బారలు. ఆ అంచు మీదే ఆగాం.

వేరుశనగ చెక్క, తవుడు కలిపి రాత్రే నానబెట్టాం. పొద్దుటికి పులిసిన వాసన వచ్చింది. నిమ్మకాయంత ముద్ద చేసి, దాని చుట్టూ నాలుగు గాలాలు గుచ్చి వదలడం ఇక్కడి పద్ధతి. బొచ్చె పై నీళ్లలో మేస్తుంది, దాని నోరే పైకి తిరిగి ఉంటుంది. రోహు మధ్య నీళ్లలో, మృగాల అడుగున. అందుకని బావ బెండును మూడడుగుల లోతుకే కట్టాడు, నేను అడుగుకు వదిలాను. ఎండ ఎక్కే దాకా రెండింటిలోనూ చలనం లేదు. ఎనిమిదిన్నరకు బావ బెండు మునగలేదు, పక్కకు ఒరిగి పడుకుంది. బొచ్చె ముద్దను కిందినుంచి ఎత్తితే బరువు పోయి బెండు అలాగే పడుకుంటుందట. అన్న "ఇప్పుడు" అనేదాకా బావ ఆగాడు. పావుగంట పుట్టిని అటూ ఇటూ తిప్పింది ఆ చేప. పైకి తీస్తే ఆరు కిలోల బొచ్చె, తల ఒక్కటే పళ్లెమంత ఉంది.

ఆ మధ్యాహ్నం వదిన వండిన పులుసు గురించి రాయకపోతే అన్యాయం. చింతపండు తక్కువ, పచ్చిమిర్చి ఎక్కువ, దించే ముందు దంచిన వెల్లుల్లి. మన వైపు వేసే నువ్వుల పొడి లేదు. తల ముక్కలు విడిగా వండింది. అన్నంలోకి అది, సాయంత్రం జొన్నరొట్టెలోకి మిగిలిన పులుసు. మరుసటి రోజు నాకు మూడు కిలోల మృగాల ఒకటి, వదిలేసినవి నాలుగు రోహులు. రాత్రి వాలుగ కోసం ఒడ్డున కూర్చున్నాం. వాలుగ చీకట్లో తిరిగే వేటచేప, చిన్న చేప గుచ్చితేనే వస్తుంది. ఒకసారి తంగూసు బిగిసి, తెగి, చేతిలో తేలికైపోయింది. దాని బరువు ఎంతో ఊహించుకుంటూ చాలాసేపు నిద్రపోలేదు.

అక్కడి నుంచి డిండి, అచ్చంపేట మీదుగా కొల్లాపూర్, ఆపైన సోమశిల. దారి బాగుంది. డిండి జలాశయం దగ్గర టీ తాగడానికి ఆగాం తప్ప గాలం తీయలేదు.

సోమశిల చూడడానికి ఈ మూడింటిలో అందమైనది. శ్రీశైలం వెనుక జలాలు, ఎదుటి ఒడ్డు ఆంధ్ర. ముంపు నుంచి తప్పించి పైకి తెచ్చి కట్టిన సోమేశ్వరాలయం ఉంది. పర్యాటక శాఖ హరిత కాటేజీల్లో దిగాం. గది విశాలంగా ఉంది, వరండాలోంచి నది కనబడుతుంది, గేటు దగ్గరి మనిషి తెల్లవారుజామున మేము అడగకుండానే లేచి తీశాడు. భోజనం సాధారణం, చేపల కూర అయితే ముందురోజే చెప్పాలి. లైఫ్ జాకెట్లు మూడు చోట్లలో ఇక్కడి పడవవాళ్లు మాత్రమే ఇచ్చారు. ఆ ఒక్క విషయంలో వైజాగ్ కాలనీ మారాలి. ఆరు కిలోల చేప లాగుతున్నప్పుడు పుట్టిలో మేము ముగ్గురం జాకెట్లు లేకుండా ఉన్నామని తలచుకుంటే ఇప్పుడు భయమేస్తోంది. మళ్లీ వెళ్లేటప్పుడు మా జాకెట్లు మేమే తీసుకెళ్తాం, అన్నకు కూడా ఒకటి.

వేటకు మాత్రం సోమశిలకు మేము ఆలస్యంగా వచ్చాం. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు, కానీ ఆ జలాశయం సాగర్ కన్నా వేగంగా దిగుతుంది. విద్యుత్ కేంద్రాలు, పోతిరెడ్డిపాడు, పక్కనే ఎల్లూరు దగ్గర కల్వకుర్తి ఎత్తిపోతల, అన్నీ ఇందులోంచే తీసుకుంటాయి. నీళ్లు ఇంకా దిగితే ఎగువన ఏటా మునిగి తేలే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. మేము వెళ్లేసరికి ఒడ్డు నుంచి నీటి అంచు దాకా పగుళ్లు పట్టిన బురద. దాని మీద గాలం కర్ర పట్టుకుని నడవడమే కష్టమైంది. పడవ తీసుకుని లోతుకు వెళ్తే తిలాపియాలే పడ్డాయి, అరచేయంతవి. పడవ నడిపే పెద్దాయన, "దసరా తర్వాత రావాలి బాబూ, నీళ్లు తేటబడి ఒడ్డు గడ్డిలో ఉన్నప్పుడు" అన్నాడు. అలివి వలల గురించి కూడా ఆయనే చెప్పాడు. దోమతెర లాంటి ఆ వలలు నిషేధం. వేలెడంత పిల్లలను కూడా ఊడ్చేస్తాయి, వాటిని ఎండబెట్టి అమ్ముతారు. బొచ్చె, రోహు నిలిచిన నీళ్లలో గుడ్లు పెట్టవు, వానాకాలపు వరద పారుదల కావాలి. నదికి అడ్డంగా ఇన్ని కట్టలున్న చోట జలాశయంలో ఉన్న పిల్లలే రేపటి చేపలు. ఆయన ఆ మాట చెబుతున్నంతసేపూ గొంతు వణికింది.

సోమశిలలో రెండో రోజు గాలాలు మూటకట్టి, పడవలో ఊరికే తిరిగాం. మీకు సోమశిల వెళ్లే ఆలోచన ఉంటే అక్టోబరు, నవంబరులో గాలంతో వెళ్లండి, ఫిబ్రవరిలో అయితే గుడి కోసం, నది కోసం వెళ్లండి. శివరాత్రి రోజుల్లో గదులు దొరకవు.

మా మృగాల వైజాగ్ కాలనీ నుంచి ఐసు పెట్టెలో వెంట వచ్చింది. కొల్లాపూర్‌లో సోడా దుకాణంవాళ్లు ఐసు మార్చి ఇచ్చారు, డబ్బు తీసుకోలేదు. ఐదో రోజు రాత్రి తొమ్మిదింటికి నల్లగొండ చేరేసరికి అక్క పొయ్యి మీద ఎసరు పెట్టి ఉంచింది. బావ చేతులు కడుక్కుంటూనే వైజాగ్ కాలనీకి ఫోను చేశాడు. ఎత్తింది వదిన. అన్న చీకట్లోనే వల తీయడానికి వెళ్లాడని, నీళ్లు మరో అడుగు దిగాయని చెప్పింది.